చెవి గుర్తు ఉన్న రికార్డు

నేను కోడలిగా తెనాలి వచ్చిన కొత్తలో మా మామయ్యగారి గదిలోంచి వినిపించే సంగీతాన్ని ఏమంటారో నాకు తెలిసేది కాదు. అందులో పాట ఉండేది కాదు, మాట ఉండేది కాదు. ఒక బాకా ఏదో చెప్పబోయి ఆగిపోయేది. వెనకాల డ్రమ్ములు చెప్పు, చెప్పు అని దాన్ని బతిమాలుతున్నట్టు ఉండేవి. "మీ ఓడ సైరన్ కాసేపు ఆపుతారా? కుక్కరు ఎన్ని విజిళ్లు వేసిందో తెలియట్లేదు" అని అత్తయ్యగారు వంటింట్లోంచి కేకేసేవారు. ఆయన సౌండ్ కొంచెం తగ్గించి, ఆవిడ పనిలో పడగానే మళ్లీ పెంచేవారు.

అది జాజ్ అని ఆయనే చెప్పారు. మామయ్యగారు సరుకు ఓడల్లో రేడియో ఆఫీసరుగా పనిచేసి రిటైరయ్యారు. ఓడ ఏ రేవులో ఆగినా తోటివాళ్లు చీరలూ సెంటు సీసాలూ కొనుక్కుంటుంటే ఈయన రికార్డుల షాపు ఎక్కడుందో అడుగుతూ వీధులు తిరిగేవారట. అలా పోగైన ఎల్పీలు ఒక టేకు బీరువా నిండా ఉండేవి. ఇంట్లో ఎవరూ ఆ బీరువా జోలికి వెళ్లేవాళ్లు కాదు. భయం ఉండి కాదు, తమకు పనికొచ్చేదేదీ అందులో లేదని.

ఈ చుట్టుపక్కల ఈ సంగీతం వినే మనిషిని తానొక్కణ్నే అనుకునేవారు మామయ్యగారు. ఒకసారి రేపల్లెలో పెళ్లికి వెళ్లి, భోజనం చేసి వీధిలో నడుస్తుంటే ఒక ఇంటి కిటికీలోంచి సాక్సోఫోన్ వినిపించింది. గేటు పట్టుకుని అలాగే నిలబడిపోయారట. లోపలి నుంచి ఒక పెద్దాయన వచ్చి "ఎవరు కావాలండి?" అంటే, "ఎవరూ వద్దండి. రికార్డు ఈ పక్క అయిపోయేదాకా నన్నిక్కడ నిలబడనివ్వండి, చాలు" అన్నారట. ఆ పెద్దాయన డాక్టరు. వయసులో ఉండగా లండన్‌లో చదువుకుని వచ్చి, సొంత ఊళ్లోనే ప్రాక్టీసు పెట్టి, అప్పటికి మానేశారు. ఏ చుట్టరికమూ లేకపోయినా ఆ రోజు నుంచి ఇద్దరూ ఒకరినొకరు 'బావా' అని పిలుచుకునేవారు.

వాళ్లిద్దరికీ తగువు వచ్చింది రెండు వేల సంవత్సరం దాటిన నాలుగైదేళ్లకి. ఇద్దరి దగ్గరా ఒకే రికార్డు ఉందని ఓ రోజు బయటపడింది. ఒక సాక్సోఫోన్ విద్వాంసుడు పేరు రాకముందు, చిన్న కంపెనీకి వాయించిన ఎల్పీ అది. రెండిట్లో ఏది ఒరిజినల్ అన్నది గొడవ.

ఒరిజినల్ అంటే ఆ సంగీతం మొట్టమొదట విడుదలైనప్పుడు అచ్చయిన ప్రతి. తర్వాత గిరాకీని బట్టి కంపెనీ మళ్లీ మళ్లీ అచ్చు వేస్తుంది. పుస్తకానికి మొదటి ముద్రణ ఎలాంటిదో ఇదీ అలాంటిదే. కాకపోతే పుస్తకంలో ఎన్నో ముద్రణో వేసి ఉంటుంది, రికార్డు మీద ఉండదు. మొదటి అచ్చులో వాద్యం పక్కనే కూర్చుని వాయిస్తున్నట్టు వినిపిస్తుందని ఇద్దరూ ఒప్పుకుంటారు. ఆ గొప్ప ఎవరి ఇంట్లో ఉందన్న దగ్గరే పేచీ.

ఆ ఆదివారం మామయ్యగారికి మోకాళ్ల నొప్పిగా ఉందని తోడుగా నేనూ రేపల్లె వెళ్లాను. డాక్టరుగారి హాల్లో రెండు రికార్డులూ టీపాయ్ మీద పక్కపక్కన పెట్టి ఉన్నాయి. మామయ్యగారిది నిగనిగలాడే అట్ట. డాక్టరుగారి అట్ట మూల చిరిగి, మధ్యలో టీ మరక పడి ఉంది.

"నేను మొదటిసారి న్యూయార్క్ రేవులో దిగినప్పుడు నా చేత్తో నేను కొన్నాను బావా. అట్ట చూడు, కొత్త పెళ్లికూతురిలా ఉంది. నువ్వు లండన్‌లో పాత సామాన్ల కొట్లో కొన్నావు" అన్నారు మామయ్యగారు.

"అట్ట అందంగా ఉంటే ఏంటంట? నాది మోగించి చూడు. నీది తర్వాత వేసింది బావా."

"నీ చెవులకి వయసొచ్చింది."

"నీకు రాలేదా?"

నాకు నవ్వొచ్చింది. అదే పొరపాటయింది. మామయ్యగారు నా వైపు తిరిగారు. "మా అమ్మాయి సైన్సు లెక్చరరు. అది చూసి చెబుతుంది. ఏమ్మా?"

"నాకేం తెలుసండి మామయ్యగారూ, వీటి గురించి?"

"తెలుసుకో. రోజూ పిల్లలకి మొక్కలు గుర్తుపట్టడం నేర్పుతావుగా. ఇదీ అంతే."

డాక్టరుగారు వెంటనే ఒప్పేసుకున్నారు. తీర్పు వచ్చేదాకా రెండు రికార్డులూ తన బీరువాలోనే ఉంటాయని, అప్పటిదాకా ఎవరూ మోగించకూడదని కూడా ఆయనే షరతు పెట్టారు.

నేను పుట్టింది బాపట్లలో. అక్కడే జూనియర్ కాలేజీలో బోటనీ చెప్పేదాన్ని. రోజూ తెనాలిలో రైలెక్కి వెళ్లి వచ్చేదాన్ని. మామయ్యగారు ఆ మాట ఊరికే అన్నారో, ఆలోచించి అన్నారో గానీ, నా మనసుకి పట్టుకుంది. మొక్కను గుర్తుపట్టేటప్పుడు పువ్వు రంగు చూసి తొందరపడొద్దని మా పిల్లలకి చెబుతుంటాను. రంగు మారుతుంది. కణుపు చూడాలి, కణుపు దగ్గరి చిన్న పొలుసు చూడాలి, కేసరాలు ఎలా అతుక్కున్నాయో చూడాలి. ఎవరూ పట్టించుకోని చోటే అసలు గుర్తు ఉంటుంది. రికార్డులో అలాంటి చోటు ఏదో కనుక్కుంటే చాలనిపించింది.

బాపట్ల స్టేషన్ దగ్గర అప్పట్లో ఒక ఇంటర్నెట్ సెంటరు ఉండేది. కాలేజీ అయ్యాక రైలు వచ్చేలోపు అక్కడ కూర్చునేదాన్ని. నెట్‌లో పాత జాజ్ రికార్డులు పోగేసేవాళ్ల గుంపు ఒకటి కనిపించింది. ఎక్కడెక్కడి దేశాల వాళ్లో. ఆంధ్రాలో ఒక చిన్న ఊరి నుంచి, బోటనీ లెక్చరర్ని అని చెప్పుకుని అడిగితే మొదట ఒకరిద్దరు వేళాకోళం చేశారు. తర్వాత నా ప్రశ్నలు చూసి ఓపిగ్గా చెప్పడం మొదలుపెట్టారు. లేబుల్ మీద కంపెనీ అడ్రసు చూడమన్నారు, కంపెనీ ఆఫీసు మారినప్పుడల్లా అడ్రసు మారుతుంది. లేబుల్ చుట్టూ చిన్న గాజంత పల్లపు వలయం ఉందేమో తడిమి చూడమన్నారు, అది పాత అచ్చు యంత్రాల ముద్ర.

చదివింది చేత్తో చూడకపోతే నాకు నమ్మకం కుదరదు. సెలవు రోజున మామయ్యగారిని బీరువా తెరవమని అడిగాను. ఆయన ముఖం వెలిగిపోయింది. అన్నేళ్లలో ఇంట్లోవాళ్లు ఆ మాట అడగడం అదే మొదటిసారి.

"అంచులు పట్టుకోవాలమ్మా. రెండు అరచేతుల మధ్య. మొహం మీద వేలు పడకూడదు" అని నేర్పారు.

కిటికీ దగ్గర చాప వేసుకుని, కాలేజీ లెన్సు పట్టుకుని, ఒక్కో రికార్డునే ఎండకు ఏటవాలుగా వంచి చూసేదాన్ని. సంగీతం గాడి అయిపోయాక లేబుల్ దాకా నున్నటి నల్లటి ఖాళీ జాగా ఒకటి మిగులుతుంది. అందులో సూదితో గీకిన అంకెలు ఉన్నాయి. ఎవరో మనిషి చేత్తో రాసినవి. వాటికి కాస్త ఎడంగా, ఆ చిన్న కంపెనీ వేసిన కొన్ని రికార్డుల మీద ఇంకో గుర్తు కనిపించింది. గోరంత కూడా లేదు. అచ్చం మనిషి చెవిలా ఉంది.

కొన్నిటికి ఆ చెవి ఉంది, కొన్నిటికి లేదు. ఎందుకు?

రికార్డులను రెండు దొంతులుగా పెట్టాను. ఒక్కోటీ తీసి మామయ్యగారికి చూపిస్తూ, ఎప్పుడు కొన్నారని అడిగాను. ఆయన కళ్లు మూసుకుని చెప్పుకుంటూ పోయారు. ఇది ఉద్యోగంలో చేరిన కొత్తలో. ఇది మా పెళ్లికి ముందు. ఇది మీ ఆయన పుట్టాక, వాడికి ఉయ్యాల బొమ్మ కొన్న రోజునే. చెవి ఉన్నవన్నీ ముందు ప్రయాణాల్లో కొన్నవి. చెవి లేనివన్నీ తర్వాతివి. ఒక్కటి కూడా అటు ఇటు కాలేదు.

ఆ సంగతి గుంపులో రాశాను. ముందు వేళాకోళం చేసినవాళ్లలో ఒకాయనే జవాబు రాశాడు. ఆ చెవి నిజానికి అచ్చు వేసిన ఫ్యాక్టరీ వాళ్ల పొడి అక్షరమట, మెలితిరిగి చెవిలా కనిపిస్తుందట. కంపెనీ చేతులు మారాక ఆ ఫ్యాక్టరీలో వేయించడం మానేశారు. కానీ మిగిలిపోయిన పాత లేబుళ్లూ పాత అట్టలూ పారేయకుండా కొత్త అచ్చులకి వాడేశారు. అందుకే లేబుల్ చూసి మోసపోయేవాళ్లు చాలామంది. "ఇది మీకు ఎవరు చెప్పారు?" అని అడిగాడు. ఎవరూ చెప్పలేదు, దొంతులు పెట్టి చూశాను అని రాశాను. ఆ రోజు రైల్లో బాపట్ల నుంచి తెనాలి దాకా నిలబడే వచ్చినా కాళ్లు నొప్పి పుట్టలేదు.

తీర్పుకి మళ్లీ రేపల్లె వెళ్లాం. డాక్టరుగారి భార్య ఉప్మా పెట్టారు గానీ ఎవరికీ తినబుద్ధి కాలేదు. నేను చేతులు కడుక్కుని, తుడుచుకుని, ముందు మామయ్యగారి రికార్డు తీశాను. లేబుల్ మీద పాత అడ్రసే ఉంది. అట్ట మందంగా, పాత పద్ధతిలోనే ఉంది. మామయ్యగారు డాక్టరుగారి వైపు చూసి కనుబొమలు ఎగరేశారు. వలయం తడిమాను. ఒక వైపే తగిలింది. రెండో వైపు నున్నగా ఉంది. కిటికీ దగ్గరికి వెళ్లి లెన్సు పెట్టాను. చేత్తో గీకిన అంకెలున్నాయి. చెవి లేదు. తిప్పి చూశాను. లేదు.

డాక్టరుగారిది తీశాను. గీతలు పడి ఉంది. రెండు వైపులా వలయం ఉంది. అంకెల పక్కన చక్కగా, నిన్న కొట్టినట్టు, చెవి ఉంది.

ఆ ఇంట్లో నాకు అయినవారు మామయ్యగారు. ఆయన ముఖం చూస్తూ చెప్పడం కష్టమైంది. కానీ చూసింది చూసినట్టే చెప్పాలి. రేపు క్లాసులో పిల్లలకి ఏ మొహంతో చెబుతాను?

"మామయ్యగారూ, మీది తర్వాత వేసిందండి. మిగిలిపోయిన పాత లేబుల్ అంటించారు. ఒరిజినల్ డాక్టరుగారిదే."

డాక్టరుగారు ఎగిరి గంతేస్తారనుకున్నాను. ఆయన నెమ్మదిగా అన్నారు, "అమ్మాయీ, ఇంకోసారి చూడమ్మా."

"చూశానండి. రెండు వైపులా చూశాను."

మామయ్యగారు తన రికార్డు అట్టలో పెట్టుకుని, సంచిలో వేసుకుని, వెళ్దామా అమ్మా అన్నారు.

రైల్లో కిటికీ పక్కన కూర్చుని పొలాల వైపు చూస్తూ ఉండిపోయారు. పల్లికోన దాటింది. ఆయన్ని నొప్పించానేమో అని నాకు దిగులుగా ఉంది గానీ, చెప్పిన మాట వెనక్కి తీసుకోవాలని మాత్రం అనిపించలేదు. భట్టిప్రోలులో బండి ఆగింది. జనం ఎక్కుతున్నారు. ఉన్నట్టుండి మామయ్యగారు తొడ మీద చరుచుకున్నారు.

"వంగిపోయింది!"

"ఏంటండి?"

"మొదటిది వంగిపోయిందమ్మా! న్యూయార్క్‌లో కొన్నది. ఎర్ర సముద్రంలో వస్తుంటే ఎండకి నా క్యాబిన్‌లో అప్పడంలా వంగిపోయింది. ఏడుపొక్కటే తక్కువ. సముద్రంలో పారేశాను. చాలా ఏళ్లకి ఇంకో ప్రయాణంలో మళ్లీ కొన్నాను. అదే ఇది." ఆయన సంచి మీద చెయ్యేసి నా వైపు చూశారు. "నేనే మర్చిపోయాను. మొదట కొన్న రోజు గుర్తుంది, పారేసింది గుర్తులేదు. చూశావా, నేను మర్చిపోయింది నువ్వు చెప్పావు."

ఎదురు సీటులో గడ్డి మోపుతో కూర్చున్న పెద్దావిడ మా ఇద్దర్నీ వింతగా చూస్తోంది. మామయ్యగారు ఆవిడకే చెప్పడం మొదలుపెట్టారు. "మా కోడలండి. బాపట్లలో లెక్చరరు. నేను తప్పు చెబితే మొహమాటం లేకుండా తప్పని చెప్పింది." ఆవిడ ఏం అర్థం చేసుకుందో గానీ, "మంచి పిల్లేనండి" అంది.

ఇంటికి రాగానే డాక్టరుగారికి ఆయనే ఫోన్ చేసి, "బావా, నువ్వు గెలిచావు, కానీ గెలిపించింది మా ఇంటి పిల్ల" అన్నారు. ఆ మాట చెప్పుకోవడం ఆయనకి అలవాటైపోయింది. స్టేషన్లో, బ్యాంకులో, టిఫిన్ హోటల్లో ఇడ్లీ వడ్డించేవాడికి కూడా చెప్పేవారు. అత్తయ్యగారు "ఇంక చాలు, దిష్టి తగులుతుంది" అని కసిరినా ఆగేవారు కాదు. డాక్టరుగారు తన బీరువా మొత్తం చూసిపెట్టమని నన్ను పిలిచారు. ఆ వేసవి సెలవులు సగం రేపల్లెలోనే గడిచాయి. గుంపులో వేళాకోళం చేసినాయన, అనుమానం వచ్చిన రికార్డుల ఫొటోలు నాకు పంపడం మొదలుపెట్టాడు.

మరుసటి ఏడు ఒక సాయంత్రం కాలేజీ నుంచి వచ్చేసరికి గుమ్మంలో కొత్త చెప్పులున్నాయి. మద్రాసు నుంచి భార్యాభర్తలెవరో పెద్ద సంచితో వచ్చి హాల్లో కూర్చున్నారు. డాక్టరుగారు పంపారట. ఆ వచ్చినాయన మామయ్యగారితో అంటున్నాడు, "మీరు ఇన్నేళ్లు విన్నవారు. మీరే చూసి చెప్పండి సార్."

"నాకు వినడం వచ్చండి. చూడటం మా కోడలికి వచ్చు. తను చెప్పిందే మాట" అన్నారు మామయ్యగారు.

నేను వెనక గుమ్మం నుంచి లోపలికి వెళ్లి, రైలు దుమ్ము పోయేలా చేతులు కడుక్కుని, శుభ్రంగా తుడుచుకున్నాను. హాల్లోకి వెళ్లి కిటికీ రెక్కలు బార్లా తీశాను. ఇంకా ఎండ ఉంది. సంచిలోంచి మొదటి రికార్డు తీసి, రెండు అరచేతుల మధ్య పట్టుకుని, వెలుగు వైపు తిప్పాను.