లోడు దించకుండా దిగిన ఆపరేటరు

కోవిడ్ సద్దుమణిగిన తర్వాతి చలికాలంలో నన్ను రాయపూర్ పక్కనున్న కుమ్హారి దగ్గర ఒక ప్రైవేటు రోలింగ్ మిల్లులో క్రేన్ ఫోర్‌మన్‌గా వేశారు. నా చదువు పదో తరగతితో ఆగింది. ఏ గొలుసు ఎంత బరువు ఆపుతుంది, వాలు పెరిగితే ఎంత తగ్గుతుంది అనే లెక్కలు పని చేస్తూ సొంతంగా నేర్చుకున్నవి. ఏ షిఫ్టులో ఎవరు క్రేన్ క్యాబిన్ ఎక్కాలో నిర్ణయించేది నేనే.

కింద సిగ్నల్‌మన్ చెయ్యి చూపిస్తే, పైన ఆపరేటరు గంట కొట్టి అందిందని చెప్పాలి. అప్పుడే కొక్కెం కదలాలి. ఫోను లాకరులో పెట్టి ఎక్కాలి. లోడు గాలిలో ఉండగా క్యాబిన్ విడవడం మా పనిలో అన్నిటికంటే పెద్ద తప్పు.

రాకేష్ మా ఆపరేటర్లలో చేతి నిలకడ ఉన్నవాడు. వాళ్ళది శ్రీకాకుళం నుంచి వచ్చిన కుటుంబం; మరోదాలో అక్కతో ఉండేవాడు. ఒక మధ్యాహ్నం ఉక్కు దిమ్మెల కట్ట షెడ్డు మధ్యలో వేలాడుతుండగా నిచ్చెన దిగి లాకరు దగ్గరికి వెళ్ళిపోయాడు. మనుషుల్ని పక్కకు తప్పించి, మరొకరిని ఎక్కించి లోడు దింపించాను.

“ఏటిరా, బుర్రుందా? కింద మనుషులు కనపళ్ళేదా?” అన్నాను.

అతను ఫోను నా ముందు పెట్టాడు. డేటింగ్ యాప్‌లో పరిచయమైన ఒకావిడ వారాల తరబడి రోజూ మాట్లాడిందట. ఎక్కడ కలవాలో ఆ మధ్యాహ్నం చెబుతానందట. దిగి చూస్తే ఆవిడ యాప్‌లో పరిచయం తెంచేసుకుంది. అలా చేస్తే మాట్లాడుకున్నదంతా ఫోన్లోంచి పోతుందని నాకు అప్పుడే తెలిసింది.

“చూడండి అంకుల్, ఒక్క ముక్క లేదు, పేరు కూడా లేదు. అంతా నేనే ఊహించుకున్నానేటో అనిపిస్తంది. ఇది పెహలీ బార్ కూడా కాదు, ఇంతకుముందూ ఇలాగే అయింది. కింద చెయ్యెత్తితే నేను గంట కొడతాను కదా. నాకెవులూ కొట్టరు.”

అతను సరిగా నిద్రపోవడం లేదని కూడా అప్పుడే బయటపడింది.

నియమం ప్రకారం డాక్టరు దగ్గరికి పంపాను. కళ్ళు, చెవులు, బీపీ చూసి ఫిట్ అన్నారు. ఆ పరీక్షలో ఉన్నవి అవే. అయినా నేను క్రేన్ ఇవ్వలేదు. కింద గొలుసులు తగిలించే పనిలో వేశాను.

“హీరో నేల మీదకొచ్చినాడు. ఇప్పుడు ఫోటో బాగొస్తాది భయ్యా!” అని యాప్ సంగతి తెలిసిన తోటివాళ్ళు ఎగతాళి చేశారు.

“క్యాబిన్ తియ్యకండి అంకుల్. పైనున్నంతసేపే కొంచెం మనిషిలాగుంటాను” అని రాకేష్ బతిమాలాడు. అది అబద్ధం కాదు. కానీ మళ్ళీ దిగడని నమ్మకం లేదు. రాయపూర్‌లో మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్తానంటే, నలుగురూ పాగల్, పిచ్చోడు అంటారని ఒప్పుకోలేదు. కొన్నాళ్ళకు పనికే రావడం మానేశాడు.

మరోదా వెళ్ళాను. అక్క తలుపు తీసింది.

“గోడకేసి తిరిగి పడుకుంటన్నాడు బాబాయ్. కూడు పెడితే తినడు. ఫోను లాక్కుంటే ఏడుస్తాడు. నిన్న మళ్ళీ ఆ యాప్‌లో కొత్త ఫోటో పెట్టినాడు” అంది.

లోపలికి వెళ్ళి పిలిచాను. ఇటు తిరగలేదు. నేను పని విడిచేనాటికి కూడా అతను తిరిగి రాలేదు.

లోడు కింద నడిచేవాళ్ళ కోసం అతన్ని దింపాను. ఇప్పుడైనా అదే చేస్తాను. అది వాళ్ళను కాపాడింది, అతన్ని ఫోనుకు అప్పజెప్పింది. ప్రమాదాన్ని క్రేన్ నుంచి తప్పించడం వేరు, మనిషి నుంచి తప్పించడం వేరు. మొదటిది నా డ్యూటీ. రెండోది ఆ మిల్లులో ఎవరి డ్యూటీ కాదు.