కాలిది కాని తప్పు

ఒక బుధవారం పొద్దున మార్కండేయ మగ్గం దిగి, "ఈ చీరతో చాలు. నా కాలు మాట వింటలేదు," అన్నాడు. గద్వాలలో నలభై ఏళ్లుగా నేస్తున్న మనిషి. గుమ్మడికాయల దొంగ అని ఎవరూ అనకముందే భుజాలు తడుముకునే రకం.

కూతురు భార్గవి లేచి మగ్గం దగ్గరికి వచ్చింది. మగ్గానికి తగిలించిన ఎలక్ట్రానిక్ డబ్బా ఆమె చేసిందే. హైదరాబాదు కంపెనీకి ఇంటి నుంచే యంత్రాల ప్రోగ్రాములు రాస్తుంది. అంచు డిజైనును నడిపే చిల్లుల జకార్డు అట్టల బరువు తండ్రికి తప్పిద్దామని మూడు నెలల కింద దాన్ని పెట్టింది. కింద చెక్కను ఒకసారి తొక్కితే అంచు డిజైను ఒక వరస ముందుకు జరగాలి. అంతే దాని పని.

"ఏమైంది నాయినా?"

"ఒక్కసారి తొక్కబోతె రెండుసార్లు తొక్కుతున్న. వణుకు పట్టింది. వరస ఎగిరిపోతుంది."

మగ్గానికి ఎడమ పక్కన కూర్చునే తల్లి పుష్ప అప్పుడు నోరు విప్పింది. "నెల సంది రోజూ విప్పుతుండు. నీకు చెప్పొద్దన్నడు."

తప్పు పడితే ఆ క్షణమే విప్పేయడం వాళ్లింటి ఆనవాయితీ. తప్పును మగ్గం మీద పెట్టుకొని ఎవరూ ముద్ద ముట్టరు. అందుకే భార్గవి చూసినప్పుడల్లా గుడ్డ శుభ్రంగా కనిపించింది, డబ్బా బంగారంలా పనిచేస్తోందని ఆమె మురిసిపోయింది. నెల అన్న మాట ఇప్పుడు ముల్లులా గుచ్చుకుంది. పెద్ద కొంగు డిజైను చిన్న చిప్పులో పట్టాలని, ప్రోగ్రామును కుదించే ఆప్టిమైజేషన్ పెట్టి కొత్తగా ఎక్కించింది సరిగ్గా నెల కిందే.

"ఈసారి తప్పు పడితే విప్పకు నాయినా. నాకు చూపియ్యి."

"తప్పు కండ్ల ముందట పెట్టుకొని అన్నమెట్ల తింటరే?"

"ఒక్కసారికే."

మధ్యాహ్నానికి రుద్రాక్ష అంచులో ఒక గింజ నెత్తి తెగిపోయి కనిపించింది. ఆయన దాని మీద తువ్వాలు కప్పి, అన్నం తినకుండా మజ్జిగ తాగి పడుకున్నాడు. కూతురు చూశాక, లేచి దాన్ని విప్పేశాడు.

భార్గవి డబ్బాకు లాప్‌టాప్ కలిపి, ప్రోగ్రాములో తప్పులు వెతికే డీబగ్గర్ తెరిచింది. ఆప్టిమైజేషన్ పెడితే, మనం రాసినదాన్ని చిప్పు భాషలోకి మార్చే కంపైలర్ దాన్ని రాసినట్టు ఉంచదు. కలిపేస్తుంది, వెనకాముందూ చేస్తుంది, పనికిరాదనుకున్నది పారేస్తుంది. ఒక్కో లైనూ నడిపిద్దామంటే డీబగ్గర్ పైకీ కిందికీ గంతులు వేసింది. ఒక లెక్క విలువ ఎంతని అడిగితే ఆప్టిమైజేషన్‌లో పోయిందంటూ చేతులెత్తేసింది. విసుగొచ్చి, ప్రతి తొక్కుడుకూ తెరమీద ఒక మాట పడేలా ప్రోగ్రాములో కొన్ని లైన్లు చేర్చింది. తప్పు మాయమైంది. రెండు రోజులు గంటల తరబడి నేసినా రాలేదు.

"చూసినవా? డబ్బా మంచిగనే ఉంది," అన్నాడు మార్కండేయ. "నువ్వు పక్కన కూసుంటే జర సోయితో తొక్కుతున్న, అంతే. ఆడలేక మద్దెల ఓడు అనుడు నాకు చేతగాదు."

భార్గవి మళ్లీ లాప్‌టాప్ ముందు కూర్చుంది. ఆ లైన్లు తీసేసి, ఆప్టిమైజేషన్ లేకుండా ఎక్కించింది. తప్పు రాలేదు, కాని ప్రోగ్రాము ఉబ్బి కొంగు డిజైనుకు చోటు మిగల్లేదు. మళ్లీ ఆప్టిమైజేషన్ పెట్టింది. గంటలోపే వరస ఎగిరింది. ఈసారీ విప్పొద్దని ఆమె అంటే మార్కండేయ దాని మీద మళ్లీ తువ్వాలు కప్పాడు. ఎప్పుడు ఏది ఎక్కించిందో ఆమె తండ్రికి చెప్పనేలేదు. డబ్బాలో ఏ ప్రోగ్రాము ఉందో కాలికి ఎలా తెలుస్తుంది?

ఇక తను రాసింది పక్కన పెట్టి, కంపైలర్ చివరికి చిప్పుకు ఇచ్చిన ఆదేశాలనే వరసగా చదివింది. చెక్క కింది స్విచ్ తొక్కగానే ఒక లిప్తపాటు అదురుతుంది; ఆ అదురును చిప్పు రెండో తొక్కుడు అనుకుంటుంది. ఆ అదురు అణగేదాకా ఆగాలని, ఊరికే పదివేలు లెక్కపెట్టమని ఆమె రాసింది. ఆ లెక్కను ఎవరూ వాడుకోవడం లేదని కంపైలర్ దాన్ని మొత్తంగా పారేసింది. తెరమీద మాటలు రాయించినప్పుడు ఆ రాతకు పట్టిన సమయమే ఆగడానికి బదులు సరిపోయింది.

తను బల్ల మీద పరీక్షించినప్పుడు ఇది ఎందుకు బయటపడలేదో తల్లిదండ్రుల పని చూస్తే అర్థమైంది. గద్వాల చీరలో ఒళ్లు నూలు, అంచు పట్టు. వరస వరసకూ రెండు పోగులనూ కొక్కెంలా ముడివేయాలి. పుష్ప ఎడమ అంచు ముడివేసి "ఊఁ" అనేదాకా మార్కండేయ పాదం చెక్క మీద సగం ఆనించే ఉంచుతాడు. సగం నొక్కిన స్విచ్ ఇంకా ఎక్కువ అదురుతుంది. బల్ల మీద భార్గవి వేలితో టక్కున నొక్కి వదిలేసేది.

తండ్రిని పిలిచి తనే మగ్గం మీద కూర్చుంది. పోగు విసిరే నాడె ముట్టకుండా, పాదం సగం ఆనించి పదిసార్లు తొక్కింది. డబ్బా మీద వరసలు లెక్కపెట్టే అంకె రెండుసార్లు ఒకటి విడిచి దూకింది.

"ఇది ఇరవై ఎనిమిదేండ్ల కాలు నాయినా."

ఆయన అంకె వంక చూస్తూ నిలబడ్డాడు. "అంటే నా కాలు కాదు."

"కాదు. డబ్బాకు ఆగమని చెప్పే తీరు గది కాదు. తప్పు నాదే."

సంతోషిస్తాడనుకుంది. ఆయనకు కోపం వచ్చింది. "నెల సంది దవాఖానకు తిరిగిన. నూనె రాసిన. ఇన్నేండ్లు అన్నం పెట్టిన కాలివి, ఇప్పుడు మోసం చేస్తవా అని తిట్టుకున్న." అరుగు మీద కూర్చుని, పాదాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు.

భార్గవి ఆ లెక్క తీసేసి, చిప్పులోని గడియారం చూసి ఆగేలా నాలుగు లైన్లు రాసింది. ఆప్టిమైజేషన్ పెట్టే ఎక్కించింది. సగం పాదంతో రెండువందలసార్లు తొక్కినా ఒక్క వరసా ఎగరలేదు.

"అయిపోయింది నాయినా, ఇగ నెయ్యి."

"ఏమయిపోయింది?" అంటూ ఆయన తువ్వాలు తీశాడు. "తప్పు చేసినోళ్లే విప్పాలె. కూసో."

చిన్నప్పుడు కండెలు చుట్టడమే తప్ప ఆమె ఎన్నడూ విప్పలేదు. జరీ గోళ్లకు చిక్కింది. ఒక్క వరసకే మెడ పట్టేసింది. ఇలాంటివి నెల రోజులు, కాలు పోయిందని నమ్ముతూ ఆయన ఒక్కడే విప్పుకున్నాడు. మార్కండేయ పక్కనే నిలబడి ఏ పోగు ముందో చెబుతూ పోయాడు. పుష్ప అన్నానికి పిలిచింది.

"విప్పినంక తింటది," అన్నాడు ఆయన. తర్వాత ఫోను తీసి, పడుగులు తెచ్చిచ్చే ఈరన్నకు కలిపాడు. "ఈరన్నా, మొన్న వద్దన్న గాని, నాకో పడుగు పంపియ్యి. ఒకటి గాదు, రెండు."