సూది కథ నేనే చెప్పేశాను

ఆ రోజుల్లో మైకు చేతికొస్తే వదిలేవాణ్ణి కాను. నేపర్‌విల్‌లో ఉద్యోగం కొత్త, వీసా కొత్త, పెళ్ళి ఊసు ఇంకా లేదు. వారమంతా ఆఫీసు మీటింగుల్లో నోరు మెదపకుండా కూర్చుని, తెలుగు సంఘం సభలో ఆ కసంతా తీర్చుకునేవాణ్ణి. "తమ్ముడి తెలుగు వింటుంటే కడుపు నిండిపోతుందండీ" అని ఎవరో ఒకరు అనేవారు (భోజనాలు ఆలస్యమైన రోజున ఇంకాస్త గట్టిగా అనేవారు, అందులో ఎత్తిపొడుపు ఉందని నాకు తట్టేది కాదు). అలాంటి నేను ఒకరోజు ఒక పెద్దావిడ పిల్లలకు చెప్పాల్సిన కథను, ఆవిడ వేదిక మీద కూర్చుని ఉండగానే, ఆవిడకంటే ముందే చెప్పేశాను. తప్పు పూర్తిగా నాదే. చెప్పేశాక చప్పట్ల కోసం ఎదురుచూశాను కూడా.

ఆవిడను అందరూ కథలమ్మమ్మ అనేవారు. బాపట్ల వైపు ఒక ఆసుపత్రిలో పిల్లల వార్డు నర్సుగా చేశారు. సూదిని చూసి గుక్కపట్టే పిల్లలను మాటల్లో పెట్టడానికి కథలు అల్లడం మొదలుపెట్టారు. మందు ఎక్కేలోపు కథ ముగియాలి కాబట్టి అన్నీ చిన్న కథలే. ఒక పిల్లల పత్రిక సంపాదకుడు, తన కొడుకు జ్వరంతో ఆ వార్డులో చేరినప్పుడు, మంచం పక్కన కూర్చుని అవి విని, అచ్చు వేశాడట. తర్వాత పుస్తకాలొచ్చాయి. నా చిన్నప్పుడు మా బడిలో ఆ పుస్తకాలకు అట్టలు మిగిలేవి కావు, అంతగా చేతులు మారేవి. ఆవిడకు ఒక పద్ధతి ఉండేది. ఏ కథనైనా ముందు పిల్లలకు ఎదురుగా కూర్చుని చెప్పాలి, వాళ్ళ ముఖాలు చూడాలి, ఆ తర్వాతే అచ్చుకివ్వాలి.

భర్త పోయాక ఆవిడ రాయడం మానేశారు. మా పక్క ఊరు అరోరాలో ఉన్న కూతురి దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం, చాలా ఏళ్ళకు, ఒక కథ రాశారు. సంఘం వాళ్ళు సన్మానం పెట్టారు, పరిచయం నాకప్పగించారు. కథలమ్మమ్మ కూతురిని నేను అక్కా అనేవాణ్ణి. సభకు ముందే అక్క నన్ను పక్కకు పిలిచి చెప్పింది. "తమ్ముడూ, అమ్మ చాలా టెన్షన్‌లో ఉంది. ఇక్కడి పిల్లలకి తన తెలుగు ఎక్కితేనే ఇంకా రాస్తుందట, లేకపోతే ఇదే ఆఖరంటోంది. నీ ఇంట్రో టూ మినిట్స్‌లో ముగించెయ్, ప్లీజ్. ఇదిగో కథ, నీకు ఐడియా ఉంటుందని ఇస్తున్నా."

చదివాను. పిల్లలు తనను చూసి ఏడుస్తున్నారని బెంగపడి ఒక సూది దూదిచుట్టలో దాక్కుంటుంది. జ్వరమొచ్చిన పాప దాన్ని వెతికి పట్టుకుని, "ఏం కాదమ్మా, చీమ కుట్టినట్టుంటుంది, అంతే" అని దానికే ధైర్యం చెబుతుంది. చదివి కళ్ళు తుడుచుకున్నాను. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది.

సభలో శాలువా, పూలదండ, జ్ఞాపిక, ముగ్గురు పెద్దల ప్రసంగాలు అయ్యాక నా వంతు వచ్చింది. నేను ఆవిడ పుట్టిన ఊరి నుంచి ఎత్తుకున్నాను. పుస్తకం తర్వాత పుస్తకం, కథ తర్వాత కథ, ముగింపుతో సహా చెప్పుకుంటూ పోయాను. ముందు వరసలో కూర్చున్న అక్క చెయ్యి ఊపింది; అభినందన అనుకుని నేనూ ఊపాను. "స్పాయిలర్ అంకుల్!" అని ఒక పిల్లాడు అరిచాడు; చిన్నవాడు, ముచ్చటపడుతున్నాడనుకున్నాను. చివరికి "ఆమె కలం నుంచి తాజాగా జాలువారిన ఆణిముత్యం" అంటూ సూది కథ మొత్తం చెప్పి, "కాబట్టి పిల్లలూ, వైద్యులకు సహకరించాలి, ఇదే నీతి" అని ముగించాను. ఆ కథలో నీతి లేదు. అది నా విరాళం.

కథలమ్మమ్మ లేచారు. శాలువా సర్దుకుని, చేతిలో కాగితాలు మడిచి సంచిలో పెట్టుకున్నారు. "నేను చెప్పాల్సింది బాబు చెప్పేశాడమ్మా. పిల్లలూ, పిజ్జా చల్లారిపోతుంది, వెళ్ళి తినండి" అన్నారు. హాలంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

పార్కింగ్‌లో అక్క నన్ను తిట్టలేదు. "అమ్మ కార్‌లో కూర్చుని, మంచిదేలే, పిల్లల ముందు అభాసుపాలు కావడం తప్పింది అంటోంది తమ్ముడూ. వచ్చే ఆదివారం రాత్రే తిరుగు ఫ్లైట్" అంది, అంతే. తిట్టి ఉంటే కాస్త తేలిగ్గా ఉండేది.

ఇంటికెళ్ళి రూమ్మేట్‌కి చెప్పుకున్నాను. వాడిది చీరాల. "ఒరేయ్, నీకు మైకివ్వడం కంటే పసిపిల్లాడికి కత్తివ్వడం నయంరా" అని ముందు కడిగేశాడు. తర్వాత ఆలోచించి, "మా తెలుగు చర్చి పిల్లలెవరూ ఆ రోజు రాలేదు, వాళ్ళకి పిక్నిక్. వాళ్ళింకా నీ నోటికి చిక్కలేదు" అన్నాడు. మర్నాడే వాడితో కలిసి పాస్టరు గారి దగ్గరికెళ్ళి జరిగిందంతా దాచకుండా చెప్పి, ఆరాధన తర్వాత పది నిమిషాలు అడిగాను. "చెప్పేది ఆవిడేగా? నువ్వు కాదుగా?" అని రెండుసార్లు అడిగి ఒప్పుకున్నారు. ఆవిడను ఒప్పించడమే కష్టమైంది. అక్కా వాళ్ళింట్లో సోఫా ముందు నేలమీద కూర్చుని, "అమ్మమ్మగారూ, నన్ను క్షమించకపోయినా ఫర్వాలేదు, కథ మాత్రం చెప్పండి" అన్నాను. "ముందు పైకి లే నాయనా, కార్పెట్ చల్లగా ఉంది" అన్నారు, ఎంతైనా నర్సు.

ఆదివారం చర్చి బేస్‌మెంట్‌లో పిల్లలు చుట్టూ చేరారు. పరిచయం చేయమన్నారు. "కథలమ్మమ్మ గారు" అని చెప్పి వెనక్కి వెళ్ళి కూర్చున్నాను. ఆవిడ పిల్లల ముఖాలు చూస్తూ మొదలుపెట్టారు. సూది దూదిలో దూరేసరికి పిల్లలు చాపమీద ఒక్కొక్కరే ముందుకు జరిగారు. ఆ కథ ముగింపును నాలుగు వందల మంది ముందు చెప్పినవాణ్ణి నేనే. అయినా ఆ పాపకు సూది దొరుకుతుందో లేదోనని మెడ సాచి చూస్తున్నాను.

కథ అయ్యాక ఎవరూ లేవలేదు. ఒక చిన్నపిల్ల చెయ్యెత్తి, "అమ్మమ్మా, ఆ నీడిల్‌కి మమ్మీ లేదు? అది ఎక్కడ ఉంది?" అని అడిగింది. కథలమ్మమ్మ సంచిలోంచి ఆ కథ కాగితాలు తీసి వెనక్కి తిప్పారు. నావైపు తిరిగి, "బాబూ, పెన్నుందా?" అన్నారు.

ఇచ్చాను. ఆ సూదికి తల్లి ఎవరో నాకు అప్పటికే ఒక ఊహ తట్టింది, మంచి ఊహే. నాలుక చివరిదాకా వచ్చింది. బిర్యానీ వడ్డించడానికి లేచి వెళ్ళిపోయాను.