రెండు ‘యు’ల తాళంచెవి

ఆత్రేయపురం పార్సిల్ విప్పగానే నెయ్యి, బెల్లం వాసన గదంతా కమ్ముకుంది. పంపినది సత్యవతిగారు. రాజమండ్రిలో ఆవిడ నడిపిన పెళ్లి ఫోటోల స్టూడియోలోనే నేను పని నేర్చుకున్నాను. పూతరేకుల వాసన తగిలితే నా వేళ్లు ఇప్పటికీ కీబోర్డు కోసం వెతుక్కుంటాయి.

ఫోటోలూ వీడియోలూ అన్నీ ఒకే డిస్కులో ఉండేవి. ఎడిటింగ్‌కి మ్యాక్, కౌంటర్లో విండోస్, నా ల్యాప్‌టాప్‌లో లినక్స్. మూడింటిలోనూ తెరుచుకునే సాఫ్ట్‌వేర్ వెతికి, పాస్‌వర్డ్ లేనిదే తెరుచుకోకుండా డిస్కు మొత్తాన్నీ ఆవిడే ఎన్‌క్రిప్ట్ చేశారు. “ఇంత తిప్పలెందుకండీ?” అన్నాను. “ఇంటి ఆడపిల్లల ఫోటోలమ్మాయ్, మనల్ని నమ్మి వదిలెళ్తున్నారు. డిస్కు ఆటోలో మర్చిపోయినా ఫోటో బయటికి పోకూడదు” అన్నారు. ఇంకో హెచ్చరిక కూడా చేశారు. “తాళం తియ్యని డిస్కులో ఏముందో విండోస్‌కి తెలీదు. ఫార్మాట్ చెయ్యమంటావా అని అడుగుద్ది. అడిగింది కదా అని సరేననకు, అంతా తుడిచిపెట్టుకుపోద్ది.”

ఆవిడ వ్రతానికి అన్నవరం వెళ్లి ఫోన్ ఆపేసిన రోజునే ఒక పెళ్లికూతురి తండ్రి పరుగున వచ్చాడు. “మా నాన్నగారికి మధ్యాహ్నం ఆపరేషనండి. పెళ్లికి రాలేకపోయారు. లోపలికి తీసుకెళ్లేలోగా మనవరాలి పెళ్లి చూస్తానంటున్నారు. వీడియో ఇప్పించండమ్మా!” మ్యాక్ రిపేరుకి వెళ్లింది. డిస్కు కౌంటర్ కంప్యూటర్‌కి తగిలించాను. ఫార్మాట్ చెయ్యాలా అని అడగనే అడిగింది. కంగారులో సరే మీదికి వెళ్లిపోయిన వేలిని, ఆవిడ మాట గుర్తొచ్చి వెనక్కి లాక్కున్నాను.

పాస్‌వర్డ్ ‘పూతరేకులు’ అని నోటితో చెప్పి వెళ్లారు. మాట తెలుగే, కొట్టాల్సింది ఇంగ్లీషు అక్షరాల్లో. రెండు ‘ఓ’లు పెట్టాను. తెరుచుకోలేదు. ఒక ‘యు’ పెట్టాను. ‘హెచ్’ తీశాను, మళ్లీ పెట్టాను. ఊహూఁ. ఆయన గడియారం వంక చూస్తుంటే నాకు ఏడుపొచ్చేసింది. అప్పుడు తట్టింది, నేను రాసినట్టు కాదు, ఆవిడ రాసినట్టు రాయాలని. ఫోన్లో ఆవిడ పాత మెసేజీలు తిరగేశాను. ‘కూర తెచ్చాను, భోజనానికి రా’ అని ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. కూరకి రెండు ‘యు’లు. ‘తె’లో ‘హెచ్’ లేదు. అలాగే కొట్టాను. తెరుచుకుంది! ఆ క్షణంలో ఆవిడ ఎదురుగా ఉంటే కావలించుకునేదాన్ని.

కొండ దిగగానే ఫోన్ చేశారు. జరిగిందంతా చెప్పాను. “పెద్దాయన చూశారా?” అదే ముందడిగారు. “చూశారండి. ఆపరేషన్ కూడా బాగా అయ్యిందట.” అప్పుడు పడీ పడీ నవ్వారు. “తాళం మూడు సిస్టమ్‌లకీ సరిపోయేలా చూశాను గానీ, తాళంచెవి ఇద్దరు మనుషులకి సరిపోద్దో లేదో చూడలేదే!” మర్నాడు పాస్‌వర్డ్ మార్చి, పక్కన కూర్చుని నా చేతే కొట్టించారు.

ఇప్పుడు నాకూ సొంత స్టూడియో ఉంది. కొత్తగా చేరినవాళ్ల పక్కన నేనూ అలాగే కూర్చుంటాను. పార్సిల్ అట్టపెట్టె మీద సత్యవతిగారు లోపలున్నదేమిటో ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో రాశారు. రెండు ‘యు’లు, ‘హెచ్’ లేదు. మా పాత తాళంచెవి దారిపొడుగునా అందరికీ కనబడుతూనే వచ్చిందన్నమాట. నవ్వుకుంటూ ఆ ముక్క కత్తిరించి, డిస్కు పెట్టెలో దాచుకున్నాను.