నోట్లో గుండుసూదులు

మా పక్కవాటాలో ఉండే టైలరమ్మకు రెండు భాషలు వచ్చు. ఒకటి అందరూ మాట్లాడేదే. రెండోది నోట్లో గుండుసూదులు పెట్టుకుని ముక్కుతో మాట్లాడేది. ఆవిడ ఎక్కువగా వాడేది ఈ రెండోదే. పొద్దున పిల్లలకు పాలు పట్టింది మొదలు చీకటి పడేదాకా ఆవిడ పెదాల మధ్య సూదులు లేని సమయం తక్కువ. గుడ్డ మడత పెట్టి ఎడమచేత్తో నొక్కిపట్టి, కుడిచేత్తో పెదాల మధ్య నుంచి ఒక సూది లాగి గుచ్చుతుంది. మళ్లీ మడత, మళ్లీ సూది. మణికట్టుకు కట్టుకునే సూదుల దిండు ఒకటి కొనుక్కోవమ్మా అని నేను పోరగా పోరగా కొనుక్కుంది. అది పిల్లల బొమ్మకు తలగడ అయింది.

"ఊఁ" అంటే సరే, "ఊహూఁ" అంటే వద్దు. ఇంతవరకు లోకమంతా అనేదే. ఆ ఇంట్లో మాత్రం "ఊఁ" అని సాగదీసి చివర పైకి ఎత్తితే తిండికి రమ్మని. గొంతులో రెండుసార్లు గట్టిగా మూలిగితే ఇస్త్రీపెట్టె జోలికి పోవద్దని. అరచెయ్యి చాపి, కిందికి దిగేలా మెల్లగా "ఊఁ..." అంటే నీ దగ్గరున్నది ఇక్కడ పెట్టమని. కత్తెర తీసిన పిల్లకైనా, గుండీ నోట్లో వేసుకున్న పిల్లాడికైనా అదే రాగం. అరిస్తే పట్టుకుని పరిగెడతారు, మెల్లగా అడిగితే ఇచ్చేస్తారని ఆవిడ సిద్ధాంతం. నా సిద్ధాంతం వీపు మీద ఒకటి వెయ్యమని. నన్నెవరు అడిగారు?

నేను ఆవిడ కుట్టిన చొక్కాలకు కాజాలు కుట్టి, గుండీలు వేస్తాను. కిటికీ పక్క ముక్కాలిపీట నాది, మిషను ఆవిడది, మిగతా గదంతా పిల్లలది. పెద్దదానికి ఐదేళ్లు. వీధిలో అందరూ దాన్ని రేడియో అంటారు. ఎవరింట్లో ఏం పగిలింది, ఎవరి పిల్లి ఎక్కడ ఈనింది, ఎవరు ఎవరితో మాట్లాడటం లేదు, అన్నీ దాని దగ్గరే వినాలి. దాని నోట్లో నువ్వుగింజ నానదు. చిన్నవాడు బుడ్డోడు. ఏడాదిన్నర దాటింది, ఇంకా మాటలు రాలేదు, వాళ్లమ్మ రాగాలు మాత్రం అన్నీ వచ్చేశాయి. వాళ్ల నాన్న దూరప్రాంతాల బస్సులు నడుపుతాడు. ఇంటికొచ్చిన రోజు నిద్రపోతాడు, లేచిన రోజు వెళ్లిపోతాడు.

ఆ పిల్లల్ని చూస్తే ఊళ్లో ఎవరింటి కర్టెన్లు మారాయో తెలిసిపోతుంది. మిగిలిన ముక్కలన్నీ వాళ్ల ఒంటి మీదే. ఒకసారి అక్కా తమ్ముళ్లిద్దరూ పెద్ద పెద్ద ఆకుపచ్చ చిలకలేసుకుని తిరిగారు. మధ్యాహ్నం గుడ్డ కత్తిరింపు అయ్యాక ఆవిడ నేల మీద పాత దుప్పటి పరిచి, పిల్లల్ని వెల్లకిలా పడుకోబెట్టి, చుట్టూ టైలరు సుద్దతో గీత గీస్తుంది. సుద్ద చంకల కిందికి వచ్చేసరికి బుడ్డోడు కిలకిలమంటూ మెలికలు తిరుగుతాడు. వాడి బొమ్మ ఎప్పుడూ మూడు కాళ్లతో వస్తుంది. అది చూసి పెద్దది పగలబడి నవ్వుతుంది, దాన్ని చూసి వాళ్లమ్మ నవ్వుతుంది. ఆ కాసేపే ఆవిడ నోట్లో సూదులుండవు. నాకు ఆ ఇంట్లో అన్నిటికంటే ఇష్టమైన వేళ అదే.

మిగతా వేళంతా భయమే. అంత భయస్థురాలిని నేను చూడలేదు. పిల్లలు నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంది. దగ్గితే లేస్తుంది, దగ్గకపోయినా లేస్తుంది. సాయంత్రం పని ముగించాక కర్రకు కట్టిన అయస్కాంతం పెద్దదాని చేతికిస్తుంది. ఆ పిల్ల మంచం కిందా మిషను కిందా దూరి, పడిపోయిన సూదులన్నీ ఏరుకొచ్చి అమ్మ చేతిలో పోస్తుంది. కింద సూది కనబడితే వదిలెయ్యకూడదు, తమ్ముడు తీసుకుంటాడు. ఈ మాట దానికి ఉగ్గుపాలతో పట్టినట్టే.

బళ్లు తెరిచే ముందు రోజులు. గదిలో యూనిఫాం నిక్కర్లు నడుమెత్తు పేరుకున్నాయి. ఆ రోజు ఉన్నట్టుండి చినుకులు మొదలయ్యాయి. తడిపి ఆరేసిన గుడ్డ పెరట్లో తీగ మీద ఉంది. టైలరమ్మ చేతిలో పని పడేసి పరిగెత్తింది. నేను కిటికీ వైపు తిరిగి, వెలుతురుకు పట్టి సూదిలోకి దారం ఎక్కిస్తున్నాను. ఈ వయసులో అదొక యజ్ఞం. దారం ఎక్కేసరికి వెనక నుంచి ఆవిడ కేక వినబడింది.

గుండుసూదుల డబ్బా బోర్లాపడి ఉంది. ఒలికిన సూదుల మధ్యలో బుడ్డోడు దర్జాగా కూర్చుని, ఒక నిక్కరు ముక్క ఒళ్లో పెట్టుకుని, పెదాలు బిగించి, "ఊఁ... ఊఁ..." అని రాగం తీస్తూ గుడ్డను వేలితో పొడుస్తున్నాడు. అచ్చం అమ్మే. ఇంకెప్పుడైనా అయితే ముద్దొచ్చేది.

ఆవిడ ఒక్క దూకులో వాడి దవడలు పట్టుకుని నోరు తెరిపించి వేలు పెట్టి గాలించింది. నోట్లో ఏమీ లేదు. వాడు వేలు కొరికి ఆరున్నొక్క రాగం అందుకున్నాడు.

"మింగేశాడక్కా!" అంది. ఆవిడ ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"ముందే అలా అనుకోకు. పిల్లని అడుగు," అన్నాను.

పెద్దది మిషను వెనక నిలబడి ఉంది.

"ఏమే, తమ్ముడు నోట్లో సూది పెట్టుకున్నాడా?"

"ఊఁ," అంది అది.

ఇంకో ప్రశ్న అడిగే ఓపిక ఏ తల్లికి ఉంటుంది? పిల్లాడిని భుజానేసుకుని చెప్పుల్లేకుండా గుమ్మం దాటింది. పెద్దది వెనక నుంచి అమ్మ బట్టలు పట్టుకుని లాగుతూ "ఊహూఁ! ఊహూఁ!" అంది.

"రాననకే తల్లీ! నిన్నొక్కదాన్నీ ఎలా వదిలి వెళ్లను? అక్కా, దీన్ని ఎత్తుకో!"

ఎత్తుకున్నాను. అది నా భుజంలో ముఖం దాచుకుంది.

ఎదురుగా రొట్టెల కొట్టాయన వ్యానులో సరుకు సర్దుకుంటున్నాడు. విషయం సగం వినగానే తలుపు తీశాడు. మంచి మనిషే, కానీ నోరు ఊరుకోదు. బండి నడుపుతూనే చెయ్యి వెనక్కి చాపి పిల్లకు ఒక బన్ను ఇచ్చాడు. "ఏం రేడియో, ఇవాళ వార్తలు లేవా?" అన్నాడు. ఆ వ్యాను ఎక్కాలని, ఆ బన్ను తినాలని రోజూ ఆయన ప్రాణం తీసే పిల్ల. ఇవాళ బన్నును రెండు చేతుల్తో ముక్కు దాకా ఎత్తి పట్టుకుని అలాగే కూర్చుంది. కొరకలేదు.

"జడుసుకుంది, పాపం," అన్నాడాయన. నిజమే అనుకున్నాను.

టైలరమ్మ చూపు పిల్లాడి గొంతు మీదే ఉంది. వాడు గుటక వేస్తే ఉలిక్కిపడుతుంది, వెయ్యకపోతే ఇంకా హడలిపోతుంది. వాడేమో హారను మోగినప్పుడల్లా నవ్వుతున్నాడు. వాడు నవ్వే కొద్దీ ఆవిడ భయం పెరుగుతోంది.

"నన్ను చూసే కదక్కా నేర్చుకున్నాడు," అంది. "నోట్లో సూదులు పెట్టుకోవడం ఇంకెవరు నేర్పారు వాడికి? లోపలెక్కడైనా గుచ్చుకుంటే? పేగులో దిగితే? వాడికేమన్నా అయితే నేను బతకను."

"పిచ్చిమాటలు మాట్లాడకు. వాళ్ల నాన్నకు ఫోను చెయ్యి."

చేసింది. ఆయన ఎత్తలేదు. బండి నడిపేటప్పుడు ఎత్తడు. "ఎత్తకపోవడమే మంచిదిలే. ఏమని చెప్పను?" అని ఫోను ఒళ్లో పడేసుకుంది. రోడ్డు గుంటల్లో వ్యాను ఎగిరినప్పుడల్లా ఆవిడ పిల్లాడి పొట్టను అరచేత్తో పట్టుకుంది. నా ఒళ్లో పెద్దది కూడా ప్రతి గుంటకీ బిగుసుకుపోయింది. అది ఎందుకు బిగుసుకుంటోందో అప్పటికి నేనెరగను. ఆ తరవాత చాలా రోజులు ఆ గుంటలు నాకు కలలోకి వచ్చాయి.

ఆస్పత్రిలో పిల్లల డాక్టరు చిన్నవయసు అమ్మాయి. చెప్పినదంతా విని, ఇంకో మాట లేకుండా ఎక్స్‌రేకి పంపింది. ఎక్స్‌రే తీసే అతను లోహం వస్తువులు ఏమున్నా తీసెయ్యమన్నాడు. టైలరమ్మ తన బట్టల భుజానికి గుచ్చుకున్న సూదులు తీయడం మొదలుపెట్టింది. తీస్తోంది, తీస్తోంది, ఇంకా ఉన్నాయి. అతను ట్రే పట్టుకుని నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"ఎవరమ్మా సూదులు మింగింది?" అన్నాడు చివరికి. ఎవరూ నవ్వలేదు.

తరవాత డాక్టరు తెర మీద బొమ్మ చూపించింది. పిట్టంత ఒళ్లు, దువ్వెన పళ్లలా పక్కటెముకలు. "గొంతులో లేదు. పొట్టలో లేదు. ఎక్కడా లేదమ్మా," అంది.

"సరిగ్గా చూడండి డాక్టరుగారూ. సన్నగా ఉంటుంది. ఇంకోసారి తీయండి," అంది టైలరమ్మ. చెడ్డమాట అయితే ఈపాటికి ఎప్పుడో నమ్మేసేది.

"మింగడం ఎవరు చూశారు?"

"మా పెద్దది చూసింది."

డాక్టరు వంగి పిల్లను అడిగింది. "పాపా, తమ్ముడు సూది మింగాడా?"

"ఊహూఁ."

"మరి సూది ఏమైంది?"

పిల్ల బన్నును ఇంకా పైకి ఎత్తింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"పాపకు మాటలు రావా?" అని డాక్టరు మెల్లగా అడిగింది.

టైలరమ్మకు అంత బాధలోనూ రోషం వచ్చింది. "దానికి మాటలు రాకపోవడమేంటండీ! వీధంతా దాన్ని..." అంటూ సగంలో ఆగిపోయింది.

నేనూ అప్పుడే చూశాను. ఇంటి దగ్గర నుంచి ఈ పిల్ల ఒక్క మాట మాట్లాడలేదు. ఊఁ, ఊహూఁ, అంతే. ఇంకెవరింట్లో అయినా గడప దాటకముందే పట్టేసుకునేవాళ్లు. ఆ ఇంట్లో ఊఁ, ఊహూఁలే మాటలు కాబట్టి, పిల్ల జవాబులు చెబుతూనే ఉందనుకున్నాం.

టైలరమ్మ చెయ్యి చాపి బన్నును మెల్లగా కిందికి దించింది. బిగించిన పెదాల మధ్య ఆవగింజంత సూది తల మెరిసింది. పక్క నుంచి చొంగ కారి గడ్డం తడిసి ఉంది.

నాకు కేక రాబోయింది. ఆవిడ నా మణికట్టును గోళ్లు దిగేలా నొక్కింది. పిల్లాడిని నా చేతుల్లో పెట్టి నేల మీద మోకాళ్లు వేసింది. పిల్ల గడ్డం వణుకుతోంది. ముక్కు కారుతోంది, ఊపిరి అందడం లేదు. వెక్కిళ్లు వచ్చేస్తున్నాయి. ఏడుపొస్తే నోరు తెరుచుకుంటుంది, తెరుచుకుని ఒక్కసారి ఊపిరి లోపలికి లాగితే సూది దానితోనే పోతుంది. డాక్టరు ముఖం చూస్తే ఆ సంగతి తనకూ తెలుసని అర్థమైంది. తను కదల్లేదు.

అంత భయస్థురాలు, ఆకు కదిలితే అదిరిపడే మనిషి, ఆ క్షణాన ఎలా చేసిందో గానీ, కళ్లతో నవ్వింది. అరచెయ్యి చాపి, కిందికి దిగేలా మెల్లగా "ఊఁ..." అంది. పిల్ల కదల్లేదు. మళ్లీ "ఊఁ..." అంది, ఏ తొందరా లేనట్టు, ఇంట్లో మిషను ముందు కూర్చున్నట్టు.

పిల్ల వంగింది. గడ్డం అమ్మ చేతిలో ఆనించి పెదాలు విడిచింది. చొంగతో పాటు సూది అరచేతిలోకి జారింది. డాక్టరు వెంటనే దాన్ని తీసేసుకుంది.

అప్పుడు కట్ట తెగింది. "తమ్ముడి నోట్లోంచి నేనే తీశానమ్మా!" అని పిల్ల బావురుమంది. "కింద పెడితే మళ్లీ తీసుకుంటాడు కదా. నువ్వేమో పెరట్లోకి వెళ్లావు. అందుకని నీలాగ పెట్టుకున్నా. మింగలేదమ్మా అని చెబుదామంటేనేమో నోట్లో సూది ఉందాయె!"

"ఉమ్మెయ్యొచ్చు కదే నా తల్లీ!"

"ఎక్కడ ఉమ్మను? నువ్వు చెయ్యి పట్టలేదుగా."

డాక్టరు దాని నోరంతా లైటు వేసి చూసింది. కింది పెదవి లోపల చిన్న గాటు తప్ప ఏమీ లేదు. అయినా దాన్నీ ఎక్స్‌రే తీయించేదాకా టైలరమ్మ గుమ్మం దాటలేదు. రొట్టెల కొట్టాయన బయట వ్యానుకు ఆనుకుని ఎదురుచూస్తున్నాడు. సంగతి విని రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు.

వెనక్కి వచ్చేటప్పుడు పెద్దది అమ్మ ఒళ్లో కూర్చుంది. బన్ను కొరుకుతూ, ఆస్పత్రిలో చూసినదంతా ఏకరువు పెడుతోంది. ఎక్స్‌రే అతని చెప్పులు రెండూ ఒకేలా లేవట. వాళ్లమ్మ ఊఁ కొడుతూ కొడుతూ ఆగి, "అయినా నోట్లో సూదులుంటే మాట్లాడకూడదని నీకెవరు చెప్పారే?" అని అడిగింది.

"నువ్వే. నేనేమన్నా చెప్పడానికి వస్తే ఊహూఁ అంటావుగా. సూదులయ్యాక మాట్లాడుకుందాం, ఆగు అంటావు. నేను ఆగుతా."

"ఆగి?"

"ఆగుతా అంతే. నువ్వు మళ్లీ పెట్టేసుకుంటావు."

ఆవిడ దాని గడ్డం మీది బన్ను పొడి తుడిచింది. తరవాత, "ఏం చెబుదామని వచ్చేదానివమ్మా?" అంది.

పిల్ల నమలడం ఆపి నిజంగానే ఆలోచించింది. కనుబొమలు ముడిచి, వ్యాను కప్పు వైపు చూసి మరీ ఆలోచించింది. "చాలా ఉండేవి," అంది. "మర్చిపోయానమ్మా."

పిల్లాడి కోసం ఏడవని మనిషి, సూది చేతిలో పడ్డప్పుడు కూడా ఏడవని మనిషి, ఆ మాటకు దాని నెత్తి మీద ముఖం పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది.