చిన్నాయన కాచిన గుడ్లు

మా చిన్నాయన పోయి పదహారు రోజులైంది. పొద్దున కాఫీ తాగి గ్లాసు కింద పెట్టాడట, అంతే. పిన్ని ఫోన్ చేసి "అమ్మణ్ణీ, మీ చిన్నాయన లేడు" అని ఇంకో మాట లేకుండా పెట్టేసింది. నెల్లూరు నుంచి నేను పుదుచ్చేరి చేరేసరికి ఎత్తడానికి సిద్ధంగా ఉన్నారు. కాళ్ళకు మొక్కి పక్కకు జరిగాను. నేను చేసిన తప్పొకటి ఆయన చివరిదాకా కడుపులో దాచుకున్నాడు. ఇవాళ నేనే చెప్పేస్తాను.

ఏంబలంలో పొలం వదిలిపెట్టి, తట్టాంచావడిలో లేత్ మిషన్ పనికి వచ్చిన మనిషి ఆయన. పొలం పోయినా పెంపకం యావ పోలేదు. ఇంటి వెనక బాతులు పెట్టుకున్నాడు. చేతుల గ్రీజు కడుక్కోకముందే పెరట్లో ఉండేవాడు. తవుడు కలిపి ఒక వేలితో రుచి చూసేవాడు. "నా కూరకు ఒక్కనాడు వంక పెట్టలేదు గానీ బాతుల తవుడుకు పెడతాడు" అని పిన్ని దెప్పేది. మా ఇళ్ళలో తెలుగు నోటి వరకే, బడి చదువంతా అరవంలోనే. నేను కాపురానికి పోయాక రాత నేర్చుకున్నాను. ఇది ఆయన బతికున్నా చదివేవాడు కాదు, "నువ్వే చదివి చెప్పు" అనేవాడు.

సునామీ వచ్చిన మరుసటి ఎండాకాలం. బడికి సెలవులిచ్చారని నేను చిన్నాయన ఇంట్లో ఉన్నాను. పెరటి గోడ వెనక ఖాళీ జాగాలో షెడ్డు కడతామని ముళ్ళకంపంతా యంత్రంతో పెరికేశారు. అందులో బతికే ముంగిసలు గోడ దూకి మా వైపు వచ్చాయి. మా వాళ్ళు వాటిని కీరి అంటారు. కీరులు, వీధికుక్కలు కలిసి నెల తిరగకుండా ఐదు బాతుల్ని పొట్టన పెట్టుకున్నాయి. మగబాతు కూడా పోయింది. మిగిలింది ఒక్క ఆడబాతు, దాని కింద పదకొండు గుడ్లు. మగది లేదు కాబట్టి ఇక పిల్లలయ్యే గుడ్లు రావు. మామూలుగా మా బాతులు గుడ్డు పెట్టి వాటి దారిన అవి పోతాయి, కోడి కింద పెట్టి పొదిగించుకోవాలి. ఇది మటుకు తన రొమ్ము ఈకలు తానే పీక్కుని, పరుచుకుని కూచుంది.

"చూసినావా, కడపటివని దీనికి తెలిసిపోయుండాది" అన్నాడు చిన్నాయన. నవ్వుతూనే అన్నాడు గానీ ఆ పూట అన్నం సరిగా తినలేదు.

బాతు గుడ్డు పిల్ల కావడానికి ఇరవై ఎనిమిది రోజులు. ఇరవయ్యో రోజు ఆయనకు గుండెల్లో నొప్పి వచ్చింది. పిన్ని ఆసుపత్రికి బయల్దేరదీసింది. ఆటోలో ఒక కాలు పెట్టి మళ్ళీ నా వైపు తిరిగాడు.

"మద్దేనం గూటి తలుపు తీసి బాతును పావుగంట వదులు. తొట్లో మునిగి వస్తాది. వచ్చేదాకా కర్ర పట్టుకోని గూడు కాడే కూచో. యాడికీ లేవబాక."

"సరే చిన్నాయనా, నువ్వు ముందు ఎక్కు."

"ఎనిమిది దినాలే ఉండేది అమ్మణ్ణీ."

మరునాడు మధ్యాహ్నం తలుపు తీశాను. బాతు తొట్టి వైపు పోయింది. ఇంట్లో ఫోన్ మోగింది. ఆసుపత్రి నుంచేమోనని పరుగెత్తాను. పిన్నే. రెండు నిమిషాలు కూడా మాట్లాడలేదు. వచ్చి చూస్తే రెండు గుడ్లు లేవు, గోడ మీద కీరి తోక మలుపు తిరుగుతోంది. బాతు నీళ్ళోడుతూ వచ్చి, ముక్కుతో గడ్డి ఎత్తి ఎత్తి వెతికింది.

ఇక తలుపు తీయలేదు. మేత లోపలికే, తాగడానికి గిన్నెతో నీళ్ళు లోపలికే. తలుపుకు రాయి అడ్డం పెట్టాను. మధ్యాహ్నమైతే బాతు జల్లెడ తలుపు కన్నాల్లోంచి ముక్కు పెట్టి అరిచేది. "నీ పిల్లల కోసమే కదే!" అని నేనూ అరిచేదాన్ని. ఐదు రోజులు అట్లా గడిచాయి. తొమ్మిది గుడ్లూ భద్రంగా ఉన్నాయని మురిసిపోయాను కూడా.

ఆసుపత్రి నుంచి చిన్నాయన చేతికి సూది పట్టీతోనే నేరుగా పెరట్లోకి వచ్చాడు. బాతు కింద చెయ్యి పెట్టి చూశాడు.

"నీళ్ళలో దిగతా ఉండాదా?"

"వదల్లేదు చిన్నాయనా. కీరి వచ్చిందని మూసేసినా. తొమ్మిదీ ఉండాయి."

ఆయన అక్కడే నేల మీద కూచున్నాడు. "ఆ తడి రొమ్ము గుడ్డుకు తగలాల అమ్మణ్ణీ. లేకుంటే లోపలి పొర ఎండి పిల్లకు అతుక్కుంటాది. ఈ మాట నీకు నేను చెప్పలే. తప్పు నాది."

ఇరవై ఎనిమిదో రోజు గుడ్ల లోపల కిచకిచలు వినిపించాయి. నాలుగు పెంకుల మీద చిన్న పగుళ్ళు కనిపించాయి. అక్కడితో ఆగిపోయాయి. చిన్నాయన పంచె కొంగు తడిపి గుడ్లకు చుట్టాడు. ఒకదాని పెంకు గోటితో కొంచెం ఊడదీస్తే నెత్తురు కనిపించింది, చెయ్యి వెనక్కి తీసేసుకున్నాడు. "ఏదో ఒకటి చెయ్యి చిన్నాయనా" అని ఆయన భుజం పట్టుకుని ఊపాను. "పిలస్తా ఉండాది, రాలేకుండా ఉండాది" అని మాత్రం అన్నాడు. మధ్యాహ్నానికి ఒక్క గొంతే మిగిలింది. పొద్దు వాలకముందే అదీ ఆగింది. నా చేతులతో నేనే వాటిని చంపాను.

ఏమైందని పిన్ని అడిగింది. నేను నోరు తెరిచేలోగా ఆయనే "వెయిలు. ఆ ఎండకు తట్టుకోలేకపోయినాయి" అన్నాడు. ఆ తరువాత ఇన్నేళ్ళలో ఎవరి దగ్గరా, నా దగ్గర కూడా ఆ మాట ఎత్తలేదు.

తెల్లారి ఆ గుడ్లు తీసి పాతిపెడదామని పోతే నా చెయ్యి పట్టుకున్నాడు. "అది ఇంకా కూచోనుండాది కదా" అన్నాడు. డాక్టరు మంచం దిగవద్దన్న మనిషి కర్ర తీసుకుని గూటి పక్కన పీట వేసుకున్నాడు. మధ్యాహ్నం తలుపు తీశాడు. బాతు పోయి మునిగి, నీళ్ళోడుతూ వచ్చి ఆ తొమ్మిదింటి మీద సర్దుకుని కూచుంది. గోడ మీద కీరి తల కనిపిస్తే కర్రతో నేలను కొట్టాడు. మూడో రోజుకు వాసన మొదలైంది, పిన్ని ముక్కు మూసుకుని గొణిగింది. ఆయన లేవలేదు.

ఐదో రోజు మధ్యాహ్నం బాతు తొట్లో దిగింది, ఒళ్ళు విదిలించుకుంది, గూటి వైపు చూడకుండా ఇంటి పక్క కాలువ గట్టుకు మేతకు పోయింది. చిన్నాయన మాత్రం తెరిచిన గూటి తలుపు ముందే కూచున్నాడు, కర్ర మోకాళ్ళ మీద పెట్టుకుని, గోడ వైపు చూస్తూ.