కోతల పండుగ చేప

కోతల పండుగనాడు ఆ చేపను చేతుల్లోకి తీసుకుని, "ఇది శీలావతి జాతి" అన్నాను. అది బొచ్చెనీ శీలావతినీ కలిపి పుట్టించిన చేప అనీ, పుట్టించింది మేమేననీ చెప్పలేదు. చెప్పి ఉంటే ఒక మనిషికి దొంగ అన్న పేరు వచ్చేది కాదు.

తొంభైల చివర్లో నేను సాలూరు దగ్గర ఒక చేప పిల్లల హేచరీలో పనిచేసేవాణ్ణి. ఆ ఏడు వానలు ఆలస్యమయ్యాయి. ఆడ బొచ్చెలకు గుడ్లు సరిగా పండలేదు. మగ బొచ్చెలు మాత్రం సిద్ధంగా ఉన్నాయి. ఆడ శీలావతులకు గుడ్లు పెట్టించే ఇంజెక్షన్ ఇచ్చి ఆ మగ బొచ్చెల తొట్టిలోనే వదలమన్నాడు మా యజమాని. వదిలింది నేను. అలా పుట్టిన వాటిని బొచ్చె పిల్లలని చెప్పి అమ్మాం. వేలెడంత ఉన్నప్పుడు ఎవడు పోల్చగలడని ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ పిల్లల్నే ఆక్సిజన్ కవర్లలో నింపి, జీపులో కొండెక్కించి, ఒక గిరిజన పల్లెలో చర్చి ఆడవాళ్ళ సంఘం చెరువులో పోశాను. ఆ చెరువు చూసుకునే ఆవిడ నాకంటే బాగా పెద్దది. పొద్దున్నే తవుడు జల్లేది, కొంగల్ని తోలేది. నేను వెళ్ళినప్పుడల్లా ఒకటే అడిగేది.

"బాబూ, బొచ్చంటే పెద్ద తలకాయి సేపే కదా? తలకాయి పులుసు మా అయ్యగారికి సానా ఇష్టం."

అయ్యగారంటే వాళ్ళ పాస్టరు. మొదటి చేప దేవుడికే అని ఆవిడ మొక్కుకుంది. అక్కడ కోతల పండుగకి ఎవరింట పండింది వాళ్ళు చర్చికి తెస్తారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. మరుసటి ఏడు పండుగకి పిల్లలు పోసినవాణ్ణని నన్ను కూడా పిలిచారు.

వేలంలో ఆవిడ తెచ్చిన చేపను పాడుకున్నది కొండ కింది నుంచి వచ్చి అక్కడ కిరాణా కొట్టు పెట్టుకున్న షావుకారు. అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏటమ్మా, ఇది బొచ్చేటి? తలకాయేదీ? దేవుడికి కూడా కల్తీయేనా?"

జనం నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

"ఆ బాబు తెచ్చిందే పెంచినాను. కడుపులోంచి తీసి ఏసినానేటి? ఆ బాబునే అడగండి" అంది.

చేపను నా చేతికిచ్చారు. బొచ్చెకు తల బాగా వెడల్పు, నోరు పైకి తిరిగి ఉంటుంది, పెదవి మందంగా నున్నగా ఉంటుంది. శీలావతికి తల చిన్నది, నోరు కాస్త కిందికి ఉంటుంది, పెదవి అంచున సన్నని కుచ్చులుంటాయి. నా చేతిలోది రెండూ కాదు. తల శీలావతికి ఎక్కువ, బొచ్చెకు తక్కువ. నోరు తిన్నగా ముందుకు ఉంది. పెదవి మీద వేలు రాస్తే కుచ్చు తగిలీ తగలనట్టుంది. వెంటనే మా తొట్టి గుర్తొచ్చింది.

"ఇది శీలావతి జాతి" అన్నాను.

ఉద్యోగం పోతుందని భయపడ్డానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. భయం ఉన్నమాట నిజమే. కానీ అంతమంది నా మాట కోసం చూస్తూ ఉంటే నాకు బాగుంది. అది భయం కంటే నీచం.

మిగతాది వాళ్ళే అల్లుకున్నారు. ఆవిడే బొచ్చె పిల్లల్ని సాలూరులో అమ్ముకుని, చవక శీలావతి పిల్లల్ని తెచ్చి పోసిందన్నారు. ఆ కవర్లు మోసుకుని ఆవిడ ఎప్పుడు కొండ దిగిందని ఒక్కరూ అడగలేదు. నిన్నటిదాకా అక్కా అన్న నోళ్ళే సేపల దొంగ అన్నాయి. అయ్యగారు ప్రార్థన చేద్దామన్నారు. చెరువు ఆవిడ చేతిలోంచి తీసేశారు. ఆవిడ నావైపు ఒకసారి చూసి, ఖాళీ తట్ట నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయింది. ఘాట్ దిగుతుంటే, పండుగ భోజనం బాగుందని నేను జీపు డ్రైవరుతో అన్నాను.

హేచరీ మూతపడ్డాక విజయనగరంలో చేపల కొట్టు పెట్టుకున్నాను. కొన్నేళ్ళకి ఒకాయన ఒక చేపను చూపించి ఇదేం రకమని అడిగాడు. "రెండూ కలిసింది బాబూ, రుచికేం లోటుండదు" అన్నాను. అంత తేలిగ్గా వచ్చేసింది మాట. ఆ పండుగ రోజు రావడానికి దానికేం రోగం? తిక్కతో షట్టరు దించేశాను. మర్నాడే కొండెక్కాను.

ఆవిడ ఇంటి ముందు పసుపు కొమ్ములు ఆరబోస్తోంది. జరిగిందంతా చెప్పాను. ఆవిడ తల ఎత్తకుండానే అంది.

"ఇది నాకు సెప్పడానికొచ్చినావా? నాను దొంగని కాదని నాకు తెల్దేటి? తెలనోళ్ళకి సెప్పు."

"నన్ను క్షమించు అక్కా..."

"అది కూడా అక్కడే. పండగలో. అందరూ ఉన్నప్పుడు."

ఆ ఏడు కోతల పండుగకి వెళ్ళాను. వేలం మొదలయ్యే ముందు అయ్యగారిని అడిగి లేచి నిలబడ్డాను. షావుకారు కూడా ఉన్నాడు. ఆవిడ లోపలికి రాలేదు, గుమ్మం పట్టుకుని నిలబడింది.

"అప్పట్లో మీ చెరువులో పోసినవి బొచ్చె పిల్లలు కావు. ఆడ శీలావతుల్ని మగ బొచ్చెల తొట్టిలో వదిలింది నేను. బొచ్చెలని చెప్పి అమ్మింది మేము. ఈవిడ దేన్నీ మార్చలేదు, నేను పోసినవే పెంచింది. చేపను చూడగానే నాకు తెలిసింది. తెలిసే నోరు మూసుకున్నాను. అక్కా, వీళ్ళ ముందు నిన్ను దొంగని చేసింది నేను. నన్ను క్షమించు."